సణుగుడు ఆగిన ఇల్లు

ఊరందరి గడ్డాలూ గీసే నురగ మాస్టారి గడ్డం మాత్రం ఎప్పుడూ మాసే ఉండేది. వీధివైపు గది సెలూను, వెనక రెండు గదుల్లో కాపురం. మధ్య తలుపులోంచి ఆయన భార్య గొంతు రోజంతా వస్తూనే ఉండేది. "గడ్డం గీసుకోండి. తడి తువ్వాలు మంచం మీద పడేయకండి. అటక మీద పాత డబ్బాలు దింపండి." చెప్పొద్దూ, ఆవిడ ఒక మాట పట్టుకుందంటే ఉడుంపట్టే. కుర్చీలో కూర్చున్నవాళ్లు నురగ మొహాలతోనే నవ్వేవాళ్లు. మాస్టారికి మాత్రం దున్నపోతు మీద వాన కురిసినట్టే.

ఓడలో పనిచేసే కస్టమరొకడు ఆయనకో గడ్డం బ్రష్ తెచ్చిచ్చాడు. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసిందట. మొహాన నల్లచారలుంటాయట, నేలలో బొరియ తవ్వుకుని బతుకుతుందట. "ఇంగ్లీషులో మనిషిని వదలకుండా సతాయించడాన్ని కూడా దీని పేరుతోనే చెప్తారు మాస్టారూ" అన్నాడతను. ఇంకేముంది, ఆ రోజు నుంచి "మా బ్యాడ్జర్ పిలుస్తోంది" అంటూ లోపలికి వెళ్లేవాడు మాస్టారు. ఆవిడ మూతి ముడుచుకునేది. కానీ ఆ బ్రష్‌ని రోజూ కడిగి, ఆరబెట్టి, అద్దం కింద సొరుగులో పెట్టేది ఆవిడే.

తర్వాతోసారి ఆ కస్టమరే అసలు సంగతి చెప్పాడు. ఆ జంతువు తనంతట తాను ఎవరి జోలికీ పోదట. వెనకటికి మనుషులే దాని మీదికి కుక్కల్ని ఉసిగొల్పి, బొరియలోంచి బయటికొచ్చేదాకా సతాయించేవారట. ఈ ముక్క మాస్టారు ఇంట్లో చెప్పలేదు. చెబితే తన వేళాకోళం ఏమైపోవాలి?

ఒకరోజు పొద్దున్నే ఆవిడ పోరు పడలేక, ఏ కళనున్నాడో గానీ, స్టూలెక్కి అటక మీద డబ్బాలు దింపబోయాడు. ఉన్నట్టుండి కుడిచెయ్యి చచ్చుబడింది. స్టూలుతో సహా కిందపడ్డాడు.

ఆసుపత్రిలో పక్షవాతమన్నారు. ఇంటికొచ్చేసరికి మాట కుదురుకుంది, నడక కుదురుకుంది, చెయ్యి మాత్రం కుదురుకోలేదు. డాక్టరు మెత్తటి రబ్బరు బంతి ఇచ్చి, ఇది రోజూ నొక్కితే మళ్లీ కత్తి పట్టొచ్చు, బద్ధకిస్తే చెయ్యి ఇలాగే బిగుసుకుపోతుందని చెప్పి పంపాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఇంట్లో సణుగుడు ఆగిపోయింది.

"ఏమండీ, కాఫీ" అనేది ఆవిడ, మెల్లగా, పరాయి ఇంట్లో మాట్లాడినట్టు. బంతి నొక్కమని అనలేదు. గడ్డం ఊసే లేదు. మాస్టారు బంతిని దిండు కింద దాస్తే, దిండు సర్ది, బంతి పక్కన పెట్టి వెళ్లిపోయింది. అప్పుడు ఆయన గుండెల్లో రాయి పడింది. ఈ చెయ్యి ఇక రాదని డాక్టరు ఈవిడతో చెప్పేసి ఉంటాడు. రాని చేతికి పోరెందుకని ఊరుకుంది. కత్తి పట్టలేని మంగలి ఏం చేసుకు బతకాలి? పైకి చెప్పుకోలేనంత భయమేసింది ఆయనకి. ఇక బంతి ముట్టుకోలేదు.

చివరికి ఉండబట్టలేక తడి తువ్వాలు తీసుకెళ్లి సరిగ్గా మంచం మధ్యన పడేశాడు. ఆవిడ చూసింది. తీసి దండెం మీద ఆరేసింది.

ఇక లాభం లేదని మాస్టారే వెంటపడ్డాడు.

"ఏమే, గడ్డం బాగా పెరిగింది కదూ?"

"పర్లేదండీ."

"చూడ్డానికి అసహ్యంగా లేదూ?"

"లేదండీ."

ఆవిడ వంటింట్లోకి పోతే వంటింట్లోకి, పెరట్లోకి పోతే పెరట్లోకి. "డాక్టరేమన్నాడు? నాకు చెప్పందేదో నీకు చెప్పాడు కదూ? నీ నోరెందుకు పడిపోయింది? చెప్పు. చెప్పవే." బట్టలు ఆరేస్తుంటే పక్కన నిలబడి అడిగాడు, గిన్నెలు తోముతుంటే గుమ్మంలో కూర్చుని అడిగాడు. చెవిలో జోరీగ అంటారే, అలా తయారయ్యాడు.

ఆవిడ గిన్నె కింద పెట్టేసింది. "డాక్టరేమీ అన్లేదు. అటక, అటక అని మీ ప్రాణం తోడేసింది నేనే కదా. నేను పోరబట్టే స్టూలెక్కారు. నా నోరే మిమ్మల్ని పడేసింది" అంది. సబ్బుచేతుల్తోనే కళ్లు తుడుచుకుంది.

మాస్టారు తన భయంలో తానుండిపోయాడు గానీ, ఈ మనిషి ఇన్నాళ్లూ ఇంత బరువు మోస్తోందని తట్టనేలేదు. జాలేసింది, తన మీద తనకే కోపమొచ్చింది.

"పిచ్చిదానా, నీ మాట నేనెప్పుడైనా విన్నానా? ముప్పై ఏళ్లుగా గడ్డం గీసుకోమంటున్నావు, గీసుకున్నానా?"

"ఆ రోజు ఎక్కారు కదండీ."

"డబ్బాల కోసం ఎక్కాననుకున్నావా? ఆ ఓడాయనిచ్చిన బ్రష్ అటక మీద దాచుకున్నా. దాని కోసం ఎక్కాను."

ఆవిడ తలెత్తి చూసింది.

"ఆ బ్రష్ సొరుగులో ఉంటుంది. రోజూ కడిగి పెట్టేదాన్ని నాకు తెలీదూ? అబద్ధమాడినా అతికినట్టుండాలి" అంది. మళ్లీ ఆ పాత గొంతే. "లేవండి ముందు. ఆ బంతేదీ? దిండు కింద దాస్తే నేను చూళ్లేదనుకున్నారా? ఏమిటా గడ్డం, ఎలుగ్గొడ్డులాగా. నేను గియ్యను, ఇంకెవర్నీ గియ్యనివ్వను. మీ చేత్తో మీరే గీసుకోవాలి."

సెలూన్లోకి తీసుకెళ్లి కుర్చీలో కూలేసింది. సొరుగులోంచి బ్రష్ తీసి ఆయన కుడిచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూసింది. బ్రష్ జారి ఒళ్లో పడింది.

"మళ్లీ" అంది ఆవిడ.

మాస్టారు నోరెత్తకుండా మళ్లీ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ మాట వినడం ఆయనకిది రెండోసారి.