అభ్యంతరాల కిటికీ

దత్తారామ్ వైతీ మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసి కలుపుతున్నాడు. అది వేయకపోతే అతికించిన నోటీసులను బొద్దింకలు కొరికేస్తాయి. ముప్పయ్యొక్క ఏళ్లుగా అదే పని చేస్తున్న అతని గోళ్లకు నీలిరంగు పట్టింది. సంచి మోసిన కుడిభుజం కాస్త కిందికి దిగింది. మున్సిపాలిటీలో నోటీసులు అతికించే ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు.

జిగురు గిన్నె మూతపెట్టి, కాగితాలు తీసుకునే కిటికీ దగ్గర ఇవాళ తాను కూర్చుంటానన్నాడు. గుమాస్తా సంతోషంగా కుర్చీ ఖాళీ చేశాడు.

బెస్తవాళ్ల పేట కోలీవాడ పక్కన వాళ్లు వలలు, చేపలు ఆరబెట్టుకునే ఇసుక మైదానం ఉంది. దాన్ని ఇళ్లస్థలంగా మార్చమని ఒక బిల్డరు అడిగాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు ముప్పై రోజుల్లో రాసివ్వాలి. ఇవాళ ముప్పయ్యో రోజు.

పంతొమ్మిదేళ్ల కింద ఆ మైదానంలో సగం ఇలాగే ఇదే బిల్డరు చేతికి పోయింది. అప్పటి నోటీసు అతికించింది దత్తారామే. సెక్షన్ ఆఫీసరు కర్ణిక్ చూపించిన చోట, పంపుహౌసు వెనకగోడకు, నడుమెత్తు గడ్డి మధ్య అతికించాడు. ఒక్క అభ్యంతరమూ రాలేదు. ప్రహరీగోడ లేచాకే జనానికి తెలిసింది. దత్తారామ్ భార్య చంద్రభాగ బొంబిల్ చేపలు ఆరేసే దడి అక్కడే ఉండేది. అది పోయాక ఆమె రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. రోజంతా ఐసునీళ్లలో చేతులు పెట్టి వేళ్లు ఒరిసిపోయాయి. ఆ తర్వాత ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆమె కన్నుమూసేదాకా నోటీసు సంగతి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. కర్ణిక్ మాత్రం రిటైరై ఆ బిల్డరు దగ్గరే కుదురుకున్నాడు.

ఈసారి నోటీసు చేతికి రాగానే దత్తారామ్ నలభై నకళ్లు తీయించాడు. చేపల మార్కెట్లో, కుళాయిల దగ్గర, ఐసు మిల్లు గుమ్మానికి అతికించాడు. చదువురానివాళ్లకు చదివి వినిపించాడు.

పదకొండుకల్లా వరండా నిండిపోయింది. తడి చీరలు, మణికట్లకు అంటుకున్న పొలుసులు, చంకల్లో ఖాళీ బుట్టలు. దత్తారామ్ ఒక్కో కాగితం ఆసాంతం చదివి, ముద్ర వేసి, రసీదు రాసిచ్చాడు. అన్నీ కట్టగా తీసుకోవచ్చు కదా అని గుమాస్తా విసుక్కున్నాడు. ఎవరి రసీదు వాళ్ల చేతికే ఇవ్వాలన్నాడు దత్తారామ్.

నాలుగు దాటాక కర్ణిక్ ఫైలుతో వచ్చాడు. మైదానం మార్పుకు కోలీవాడ ఒప్పుకుందని చెప్పే సంతకాలు అందులో ఉన్నాయి. ముందే ఇస్తే అవి ఎవరి సంతకాలని జనం ఆరా తీస్తారు. అందుకే ఆఖరి రోజుదాకా దాచాడు.

"దత్త్యా, ఇది తీసుకో," అంటూ కిటికీలోకి చెయ్యి పెట్టాడు.

"లైన్లో రండి సాహెబ్."

కర్ణిక్ పెద్ద ఆఫీసరు గదికి వెళ్లాడు. ఆ ఆఫీసరు తలుపు సందులోంచి వరండా చూసి, లైన్లోనే వెళ్లమన్నాడు. కర్ణిక్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని చివర నిలబడ్డాడు.

"కంపు కొడుతోందా సాహెబ్?" అంది లైన్లో కాస్త ముందున్న ముసలమ్మ. "ఆరబెట్టే చోటు సగం మీరే పట్టుకుపోతిరి. ఏం చేస్తాం, పచ్చివే మోసుకు తిరుగుతున్నాం."

దత్తారామ్ తల ఎత్తలేదు. అతని చెయ్యి ఇంకాస్త నెమ్మదించింది. ఆ మనిషిని అలా నిలబెట్టాలని పంతొమ్మిదేళ్లుగా కాచుకున్నాడు. ఆ ప్రతి నిమిషాన్నీ నాలుక మీద పెట్టుకుని చప్పరించాడు.

కర్ణిక్ ముందు చివరిగా నిలబడింది చంద్రభాగ చెల్లెలు హౌసాబాయి. ఆమె కాగితం మీద ముద్ర పడేసరికి కిటికీ మూసే వేళ, అయిదున్నర అయింది. దత్తారామ్ కిటికీ రెక్క సగం మూశాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు కర్ణిక్.

"ఒక్క నిమిషం దాటినా తీసుకోవద్దని నేర్పింది మీరే కదా సాహెబ్."

కర్ణిక్ మొహం కందిపోయింది. రసీదులు పట్టుకుని వరండాలో ఆగిన ఆడవాళ్లవైపు తిరిగి, ఆనాటి పంపుహౌసు నోటీసు అతికించింది ఎవరో వీణ్ణే అడగండి అన్నాడు. ఆడవాళ్లంతా కిటికీవైపు తిరిగారు.

కర్ణికే చేయించాడని చెప్పి తప్పించుకోవచ్చు. అది నిజమే. కానీ దత్తారామ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నేనే అతికించాను. ఎవరికీ కనబడదని తెలిసే అతికించాను."

హౌసాబాయి కిటికీ గట్టుకు దగ్గరగా జరిగింది.

"అక్కకి తెలుసా బావా?"

"తెలీదు."

అతని రిటైర్మెంటుకని తెచ్చిన పొట్లం ఆమె చేతిలో ఉంది. దాన్ని కిటికీ గట్టుమీద పెట్టి మెట్లు దిగింది. మిగతావాళ్లూ ఆమె వెనకే నడిచారు. కర్ణిక్ ఎప్పుడు వెళ్లాడో ఎవరూ పట్టించుకోలేదు.

మొత్తం నాలుగువందల పన్నెండు అభ్యంతరాలు వచ్చాయి. ఇక అందరినీ పిలిచి విచారణ జరపకుండా మైదానం జోలికి ఎవరూ రాలేరు. దత్తారామ్ ఆ అంకె రాసి, రిజిస్టరు అప్పజెప్పి, సంతకం పెట్టాడు. లోపల శాలువా సిద్ధంగా ఉంది, ఆగమన్నారు. అతను ఆగలేదు. పొట్లం దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. మెట్లు దిగి, తన ఇల్లున్న కోలీవాడ వైపు కాక, స్టేషను రోడ్డు పట్టాడు.

పాత పేపర్లో చుట్టిన ఎండు బొంబిళ్లు కిటికీ గట్టుమీదే ఉండిపోయాయి. దారం వదులైన చోట ఒక తోక బయటికి పొడుచుకొచ్చింది.