టేపు రెండో కొస

నాలుగోసారి కొలిచినా ముప్పై అయిదు అడుగుల మూడంగుళాలే వచ్చింది. సెల్బీ పడవ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, టేపు మీది గీతను మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తప్పేమీ లేదు. అవతల పడవ ముక్కు దగ్గర నిచ్చెనెక్కి, టేపు రెండో కొసను బొటనవేలితో నొక్కిపట్టిన అతని భార్య ఎఫీకి చెయ్యి తిమ్మిరెక్కింది. ఏప్రిల్ వచ్చినా షెడ్డులో ఇంకా నోట్లోంచి ఆవిరి వస్తూనే ఉంది.

"ఎంతొచ్చింది?" అంది ఎఫీ.

"పొద్దున ఎంతొచ్చిందో అంతే."

"వదిలెయ్యనా మరి?"

"వదిలెయ్."

టేపు సర్రుమని డబ్బాలోకి పోయింది. ఎఫీ నిచ్చెన దిగి, చేతులు చంకల్లో పెట్టుకుని, పడవకేసి గానీ మొగుడికేసి గానీ చూడకుండా ఇంట్లోకి వెళ్ళి టీ కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

ముప్పై నాలుగు అడుగుల పదకొండు అంగుళాలు. మా రేవు రేమర్స్ గట్‌లో ఎక్కాలు రాని పిల్లలకు కూడా ఈ అంకె వచ్చు. చిన్న పడవ లైసెన్సు మీద పీతలు పట్టాలంటే పడవ అంతకు మించకూడదు. మించితే అది పెద్ద పడవ కింద లెక్క, ఆ లైసెన్సు కొనాలంటే రేవులో ఉన్న ఇళ్ళన్నీ కలిపి అమ్మినా చాలదు. కాడ్ చేపల వేట మూసేసి ఏడేళ్ళయింది. మాకు మిగిలినవి పీతలే. అవి ఒడ్డున కూర్చుని మా కోసం ఎదురు చూడవు, యాభై మైళ్ళు బయటికి పోవాలి. దూరం పొమ్మన్నది సముద్రం, పొడుగు వద్దన్నది చేపల శాఖ ఆఫీసు. ఆ అంకె రాసిన మనిషి ఎప్పుడైనా ఏప్రిల్ నెలలో యాభై మైళ్ళ అవతల తడిశాడో లేదో నాకు తెలియదు. అతని బల్ల పక్కన పెద్ద పడవల యజమానులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారని మాత్రం అందరికీ తెలుసు.

సెల్బీ ఈ పడవను మూడు శీతాకాలాలు కట్టాడు. వాళ్ళ నాన్న వదిలిపోయిన ఆస్తి మూడే మూడు పల్చటి చెక్క అచ్చులు. వాటి అంచుల మీద గంట్లు ఉంటాయి. ఆ గంట్లు ఒకదానితో ఒకటి కలిపి పట్టుకుంటే పడవ పక్కటెముకల వంపులన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి. కాగితం లేదు, బొమ్మ లేదు. తక్కినది కన్ను చూసుకోవాలి. కంటిని నమ్మడం మా వాళ్ళకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మా వాళ్ళు పడవ పొడుగెంత అంటే పడవ అడుగున వేసే దూలం కొలత చెబుతారు, ఆఫీసు ముక్కు కొస నుంచి కొలుస్తుంది. ముక్కు ఎంత ముందుకు వాలాలో అడవిలో దొరికిన చెట్టు చెబుతుంది. కాండం వేరులోకి తిరిగే చోట దానంతటదే వంపు తిరిగిన ఒకే దుంగ కావాలి. అతుకులు పెడితే అలకు ఆగదు. అలాంటి జునిపర్ చెట్టు కోసం సెల్బీ మొదటి శీతాకాలమంతా మంచులో తిరిగి, చివరికి బురద చెరువు అవతల ఒకటి పట్టుకుని, వేరుతో సహా తవ్వి, స్లెడ్జి బండి మీద ఇంటికి లాక్కొచ్చాడు. ఆ రాత్రి అన్నం మానేసి దాని చుట్టూ తిరుగుతూ నిమిరాడని ఎఫీ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. ఆ దుంగ అతను వేసుకున్న లెక్క కంటే నాలుగంగుళాలు ముందుకు వాలింది. నిలబెట్టిన రోజునే అతనికి అనుమానం తగిలింది. కానీ దూరం జరిగి చూస్తే కంటికి సరిగ్గా ఉంది. అంత సరిగ్గా ఉన్నదాన్ని గొడ్డలితో తాకడానికి చెయ్యి రాలేదు. ఉన్న తప్పంతా అదే.

అక్కణ్ణుంచి పని దాని దారిన అది పోయింది. స్ప్రూస్ చెక్కలు ఆవిరి పట్టి వంచాడు. నీళ్ళు రాకుండా సందుల్లో తారు నార కూరింది ఎఫీయే. ఫ్యాక్టరీలో గంటకు ఏడున్నర డాలర్లకు పీతల కాళ్ళు విరిచి వచ్చి, సాయంత్రాలు సుత్తి పట్టుకుని కూర్చునేది. పాత పడవ అడుగు పుచ్చిపోతే దాని ఇంజిను, చుక్కాని, పీతల బోనులు లాగే యంత్రం ఊడదీసి ఇందులో బిగించాడు. పాత పడవను రిజిస్టరులోంచి కొట్టేయించాడు. రెండు పడక బల్లలు, ఒక చిన్న నూనె పొయ్యి, ఆ పొయ్యి మీద కెటిల్ జారకుండా చుట్టూ కమ్మీ. కమ్మీ ఎఫీ అడిగి పెట్టించింది. ఇక మిగిలింది ముక్కు మీద నంబరు రాయడం. ఆ నంబరు రాయాలంటే శుక్రవారం ఇన్‌స్పెక్టర్ పార్డీ వచ్చి కొలవాలి. సీజన్ ఆ తర్వాత పది రోజులకు మొదలు.

వెనక నుంచి కొయ్యడానికి లేదు, అక్కడ చుక్కాని, ఇంజిను కడ్డీ ఉన్నాయి. కొయ్యాలంటే ముక్కే.

రేవులో ఇదేమీ కొత్త సంగతి కాదు. వరసగా కట్టేసి ఉన్న తొమ్మిది పడవల్లో అయిదింటికి ముక్కు లేదు. కోసిన చోట మందపాటి ప్లైవుడ్ పలక కొట్టి, తారు పూసి, పైన రంగేశారు. వాటికి మేము పేర్లు కూడా పెట్టుకున్నాం. క్లూనీది "పంది", హైన్స్ అన్నదమ్ములది "తలుపు". నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది.

వార్త మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగింది. ఎవరూ ఎగతాళి చేయలేదు, అందరూ సాయానికే వచ్చారు. సెల్బీ పడవ పక్కనే తన పడవలో వేటకు పోయే క్లూనీ మోటారు రంపానికి కొత్త గొలుసు వేయించుకొచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టాడు. ప్లైవుడ్ తన దగ్గర ఉందని, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదని అన్నాడు. ఎనభై ఏళ్ళ యూరయా బాబాయ్ కర్ర ఊతంతో వచ్చి, ముక్కు దుంగను చాలాసేపు చూసి, తన జీవితంలో ఇంత మంచి వంపు చూడలేదని మెచ్చుకుని, అందుకే తొందరగా కోసేస్తే బాధ తొందరగా పోతుందని సలహా ఇచ్చాడు. ఫ్యాక్టరీ యజమాని ఊళ్ళోకి రాలేదు, ఫోన్ చేశాడు. పడవ కొలతకు రాకపోతే దిగులు పడొద్దని, ఉత్త లైసెన్సు తనకు అమ్మితే మంచి ధర ఇస్తానని, సెల్బీకి తన పెద్ద పడవలోనే కూలి పని కూడా ఇస్తానని చెప్పాడు. అంత దయ గలవాడు ఆయన.

ఎఫీ ఆ ఫోన్ పెట్టేశాక టీ కప్పు మొగుడి ముందు పెట్టి, కూర్చోకుండానే మాట్లాడింది.

"కోసెయ్యి సెల్బీ. ఇన్ని సాయంత్రాలు నార కూరినదాన్ని నేను చెబుతున్నా. ఆ లైసెన్సు పోతే మనం ఈ దీవి వదిలి మెయిన్‌లాండ్‌కి పోయి ఎవడి కోళ్ళ ఫారంలోనో ఊడవాలి."

"గార్లండ్‌ది కోసింది నేనే కదా" అన్నాడు సెల్బీ.

ఆ మాట ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఎవరూ అనలేదు.

గార్లండ్ సెల్బీకి బావ, అక్క ట్రిఫీ మొగుడు. రెండేళ్ళ కిందట అతని పడవ అయిదంగుళాలు ఎక్కువొస్తే రంపం పట్టింది సెల్బీ. ఊళ్ళో అతనికున్న చెయ్యి ఇంకెవరికీ లేదు. ఇదే పార్డీ వచ్చి కొలిచాడు. గార్లండ్ ముక్కు మీద కూర్చుని టేపు కొస పట్టుకుని, సరిగ్గా ముప్పై నాలుగు పదకొండు రాగానే టోపీ గాల్లోకి ఎగరేశాడు. కోసిన ముక్కను ఇంటికి తీసుకెళ్ళి, వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాడు. అయిదు వారాల తర్వాత నలభై మైళ్ళ అవతల ఆ పడవ బోర్లా తేలి కనబడింది. మొండి ముక్కు అలను చీల్చదు, గుద్దుకుంటుంది. గుద్దుకుని గుద్దుకుని చెక్కల కొసలు విప్పుకున్నాయి. మనుషులు దొరకలేదు. రిపోర్టులో గాలివాన అని రాశారు. గాలి ఆ రోజు ఉన్నమాట నిజమే.

ఆ ఫోన్ వచ్చిన మర్నాడు ట్రిఫీ షెడ్డుకు వచ్చింది. గురువారాలు రొట్టె కాల్చినప్పుడల్లా తమ్ముడికి ఒకటి తెచ్చే అలవాటు. రొట్టెను రంపపు బల్ల మీద పెట్టి, తల పైకెత్తి చూసింది. ముక్కు చుట్టూ సెల్బీ అప్పటికే పెన్సిలుతో గీత గీసి ఉన్నాడు.

"ఎంత?" అంది.

"నాలుగంగుళాలు."

"మీ బావది అయిదు కదూ."

"అయిదు."

ట్రిఫీ చేతి తొడుగు తీసి ఆ గీత మీద వేలు పెట్టి, చివరి దాకా రాసుకుంటూ పోయింది. వేలికి సీసం మసి అంటింది.

"ఆ ముక్క ఇంకా తలుపుకి అడ్డం ఉందిరా. రోజుకి పదిసార్లు కాలికి తగులుద్ది. తీసి పొయ్యిలో పెడదామనుకుంటా, పెట్టను" అంది. "నువ్వు కోస్తావా?"

"ఏం చెయ్యనక్కా?"

"నేనెలా చెబుతాను? కోస్తే ఎఫీకి నా గతి పట్టుద్దేమోనని భయం. కొయ్యకపోతే మీరు ఊరొదిలి పోతారని భయం. రొట్టె వేడిగా ఉండగానే తిను" అని తొడుగు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె మీద సెల్బీకి కోపం వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. వద్దని ఒట్టు వేయించుకుని ఉంటే ఇంకా బాగుండేది. కొయ్యమనే మనుషులందరూ మంచివాళ్ళే, కొయ్యొద్దనే మనిషి ఒక్కరూ లేరు. పారిపోవడానికి సందు లేకుండా నాలుగు వైపులా మంచితనం నిలబడి ఉంది. చీకటి పడేదాకా అతను రంపాన్ని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాడు, రెండుసార్లు కింద పెట్టాడు.

శుక్రవారం పది గంటలకు పార్డీ బండి వచ్చి ఆగింది. షెడ్డు ముందు క్లూనీ, యూరయా బాబాయ్, హైన్స్ అన్నదమ్ములు నిలబడి ఉన్నారు. ట్రిఫీ కాస్త ఎడంగా, తలుపు పక్కన నిలబడింది. సెల్బీ, ఎఫీ లోపల పడవ దగ్గర ఉన్నారు. పార్డీ చెడ్డవాడు కాదు, పక్క రేవులో జాలరి కొడుకే. లోపలికొచ్చి పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. అతనికి టేపు అక్కర్లేదు, చూపుతోనే తెలిసిపోయింది. పెన్సిలు గీత కూడా కనబడింది.

"చూడు సెల్బీ, నేనింకా కొలవలేదు" అన్నాడు నెమ్మదిగా. "నా ఫ్లాస్కులో టీ ఉంది. బండిలో కూర్చుని గంటసేపు తాగుతా. గంట తర్వాత వచ్చి ఎంతుంటే అంత రాస్తా. ఇంతకంటే నేను చెయ్యగలిగింది లేదు."

క్లూనీ వంగి రంపం అందుకున్నాడు.

"వద్దు క్లూనీ" అన్నాడు సెల్బీ. "కింద పెట్టు. కొయ్యను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని సెల్బీకి నమ్మకం కుదిరినట్టు లేదు. మళ్ళీ అన్నాడు. "ఒకటి కోసి చూశాను కదా. రెండోది కొయ్యను."

పార్డీ ట్రిఫీ వైపు చూడబోయి, చూపు తిప్పుకున్నాడు. కొలిస్తే ఉన్నది రాయాల్సి వస్తుందని, రాస్తే ఈ సీజన్ పోయినట్టేనని, వచ్చే ఏడు లైసెన్సు ఉంటుందో లేదో కూడా చెప్పలేనని అన్నాడు. తెలుసన్నాడు సెల్బీ.

"సరే, నీ ఇష్టం." పార్డీ నడుముకున్న టేపు తీసి, నాలుగు జానలు లాగి, కొసను సెల్బీ ముందుకు చాపాడు. "ఇదిగో, ముక్కు దగ్గర పట్టుకో."

ఎప్పుడూ అంతే. ఇన్‌స్పెక్టర్ ఒక్కడే వస్తాడు. టేపు ఒక కొస అతను పట్టుకుంటే రెండో కొస పడవ కట్టినవాడు పట్టుకుంటాడు. మా రేవులో తొమ్మిది పడవల్నీ మేమే పట్టుకుని కొలిపించుకున్నాం.

సెల్బీ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"టేపు మీది, కొలత మీది. మీరే పట్టుకోండి పార్డీ గారూ."

పార్డీ కొసను క్లూనీ వైపు తిప్పాడు. క్లూనీ రేవు కేసి చూశాడు. తన "పంది" అక్కడ ప్లైవుడ్ మొహంతో నీళ్ళలో ఊగుతోంది. రేపు దానికీ ఇదే పార్డీ సంతకం కావాలి. అతను ఇంకా కింద పెట్టని రంపాన్ని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు, ఏ చెయ్యీ ఖాళీగా లేనట్టు. యూరయా బాబాయ్ కర్రను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. హైన్స్ అన్నదమ్ములు ఒకరి వెనక ఒకరు జరిగారు.

చివరికి పార్డీ ఎఫీ దగ్గరికి వచ్చాడు. కోళ్ళ ఫారం ఆమె కళ్ళ ముందే ఉంది. ఆమె చెయ్యి కొంచెం పైకి లేచింది కూడా. మళ్ళీ ఆ చేతిని ఆప్రాను కింద దాచుకుంది.

"నాలుగుసార్లు పట్టుకున్నానండి. చెయ్యి నెప్పెట్టింది" అంది.

పార్డీ ఇక ఎవరినీ అడగలేదు. నిచ్చెన తనే ఎక్కి, టేపు కొక్కేన్ని ముక్కు కొసకు తగిలించి, జాగ్రత్తగా దిగి, టేపు వదులుతూ పడవ పొడుగునా వెనక్కి నడిచాడు. ఆ ముక్కును సెల్బీ చిత్రిక పట్టి, వేళ్ళతో తడిమి తడిమి గుండ్రంగా నున్నగా చేశాడు. కొక్కెం పట్టుకోవడానికి అక్కడ అంచంటూ లేదు. పార్డీ ఇంజిను దాకా వచ్చేసరికి అది జారింది. టేపు చెక్కపొట్టు మీదుగా సర్రుమని వెనక్కి పరిగెత్తి అతని చేతిలోని డబ్బాలోకి పోయింది.

పార్డీ మళ్ళీ ముక్కు దగ్గరికి నడిచాడు. నిచ్చెన ఎక్కాడు, తగిలించాడు, దిగాడు. ఎవరూ నవ్వలేదు, కొస పట్టుకోవడానికి ఎవరూ కదల్లేదు. గుమ్మం పక్కనున్న ట్రిఫీ గాలికి కొట్టుకుంటున్న షెడ్డు తలుపును వీపుతో ఆనించి పట్టుకుని, ఆ కొక్కెం కేసే చూస్తోంది.