జడ్జిగారి పెరట్లో ఆరు దారులు

ఊళ్లో సైకిలు టైర్లు అమ్మేది ఒక్కడే. అతన్ని అందరూ జడ్జిగారంటారు, ఎందుకంటే టైరు అమ్మే ముందు అతను విచారణ చేస్తాడు. ఏ దారిన వెళ్తావు, ఎంత బరువు మోస్తావు, ముళ్లు తగులుతాయా, వానొస్తే ఆగుతావా, తడుస్తూ తొక్కుతావా. మనిషి చెప్పే దారి ఒకటి, తొక్కే దారి ఇంకొకటి అని అతని నమ్మకం. అందుకని ఇంట్లోవాళ్లలో ఒకరు సాక్ష్యానికి రావాలి. రాకపోతే టైరు లేదు. ఆ భయానికి సగం ఊరు దారాలు తేలిన టైర్లతోనే తిరుగుతోంది.

డ్రాయింగు మాస్టారు కూడా అలాగే నెట్టుకొచ్చాడు. కానీ ఆ వారం వానలు పట్టుకున్నాయి. వెనక ట్యూబుకి పదకొండో అతుకు పడింది. చిరిగిన టైరులోంచి ట్యూబు బయటికి తొంగిచూస్తోంది. మర్నాడు బడి. ఇక గత్యంతరం లేక ఆదివారం మధ్యాహ్నం భార్యను వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చాడు. వచ్చాడే గానీ గడప దాటడానికి వెనకాడాడు.

దానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట క్వారీ దిబ్బ దిగుతూ పడి మాస్టారు జబ్బ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు భార్యే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. కట్టు విప్పిన రోజున దీపం ముందు నిలబెట్టి, ఇక దిబ్బ మీద సైకిలు తొక్కనని ప్రమాణం చేయించింది. తారురోడ్డున చుట్టూ తిరిగి బడికి వెళ్లాలన్నమాట, ముప్పావుగంట ఎక్కువ. ఆవిడ బడికి రెండు వీధుల అవతల కుట్టుపని నేర్పే హాలుకి రోజూ బస్సులో వెళ్తుంది. బస్సు కదిలి మలుపు తిరగ్గానే మాస్టారు సైకిలు దిబ్బవైపు తిప్పేవాడు. దిబ్బపైన ఆగి, దేవుడికి క్షమాపణ చెప్పుకుని మరీ దిగేవాడు. ఒకే తప్పుకి రోజూ చెప్పే క్షమాపణను దేవుడు క్షమాపణ అనుకుంటాడా, అలవాటు అనుకుంటాడా అన్నది ఆయనకు తేలలేదు. దేవుణ్ణే అడుగుదామంటే మొహమాటం.

ఇప్పుడు నిజం చెబుదామంటే పక్కనే భార్య. అబద్ధం చెబితే జడ్జిగారు నున్న టైరు వేస్తాడు. ఆ టైరుతో రేపు బురదలో దిబ్బ దిగితే రెండో జబ్బ కూడా పోతుంది. మానేయొచ్చు కదా అంది మనసు. కాళ్లు ఒప్పుకోలేదు.

"దారి?" అన్నాడు జడ్జిగారు పుస్తకం తెరిచి.

"తారురోడ్డు" అంది భార్య.

"మిమ్మల్ని తర్వాత అడుగుతానమ్మా. మాస్టారూ, మీరు చెప్పండి."

"తారురోడ్డే. అయితే ఒక చిన్న మనవి. ముందు చక్రానికి నున్న టైరు వేయండి. వెనక్కి మాత్రం బుడిపెల టైరు, దళసరి ట్యూబు."

జడ్జిగారు కలం ఆపాడు. "ముందు చక్రం తారు మీద, వెనక చక్రం బురదలో వెళ్తాయా? మరి ఎక్కడ కలుసుకుంటాయి?"

"బడి గేటు దగ్గర" అన్నాడు మాస్టారు, నోరు జారి.

"పెరట్లోకి రండి."

పెరట్లో ఇటుకలతో హద్దులు కట్టి ఆరు దారులున్నాయి. తారు, కంకర, ఇసుక, బురద, ముళ్లు, ఏటవాలు. ఒక్కొక్కటి పదేసి అడుగులు. జడ్జిగారు తన పరీక్ష సైకిలు తెచ్చి నిలబెట్టాడు.

"అమ్మా, మీరు క్యారియర్ మీద కూర్చోండి. వెనక బరువుంటేనే టైరు నిజం చెబుతుంది."

"నన్ను బస్సెక్కించే వెళ్తారు కదండీ ఆయన."

"ఎక్కించి ఎటు వెళ్తారన్నదే కదమ్మా విచారణ."

ఆవిడ కూర్చుంది. జడ్జిగారు పంక్చర్లు చూసే తొట్టిని బోర్లించి దానిమీద కూర్చుని, చెవులు రిక్కించి కళ్లు మూసుకున్నాడు. మాస్టారు తారు మీద తడబడ్డాడు. ఇసుకలో దిగబడ్డాడు. చివరికి ఏటవాలు వచ్చింది. మనిషెత్తు మట్టికట్ట, నిండా వాననీళ్లు కోసిన గాళ్లు.

"ఇది నాకెందుకండీ, వదిలేద్దాం."

"అన్నీ తొక్కాలి. కొట్టు పద్ధతి."

కావాలని చేతకానట్టు దిగుదామనుకున్నాడు మాస్టారు. కానీ పైకెక్కి కిందికి చూడగానే ఒళ్లు ఆయన మాట వినలేదు. తనంతట తానే సీటు మీంచి లేచింది, వెనక్కి ఒరిగింది. రెండు వేళ్లు వెనక బ్రేకును పట్టి, వదిలి, మళ్లీ పట్టాయి. ఒక్క గాడిలోనూ చక్రం పడలేదు. ఆకు మీంచి నీటిబొట్టు జారినట్టు దిగిపోయింది సైకిలు.



"ఎన్నాళ్ల నుంచి?" అడిగింది భార్య, క్యారియర్ దిగకుండానే.

"కట్టు విప్పిన మూడో రోజు నుంచి."

"రెండో రోజు" అన్నాడు జడ్జిగారు కళ్లు తెరవకుండా.

"మూడో రోజే. రెండో రోజు బడికి సెలవు."

"దేవుడి ముందు చేసిన ప్రమాణమండీ అది."

"తెలుసు. రోజూ ఆయనకి చెప్పుకుంటూనే ఉన్నాను."

"నాకు చెప్పలేదుగా."

దేవుడితో తేల్చుకుంటే ఇంట్లోనూ తేలిపోయినట్టేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు మాస్టారు.

ఆవిడ దిగింది. చీర కుచ్చిళ్లకు అంటిన బురద చూసుకుంది. తర్వాత నిదానంగా అంది, "జడ్జిగారూ, రాసుకోండి. దిబ్బ మీద సైకిలు తొక్కనన్నారు ఈయన. కూర్చోనని అనలేదు. రేపట్నుంచి నేను తొక్కుతాను, ఈయన వెనక కూర్చుంటారు. నాకు బస్సు తప్పుతుంది, ఈయనకు పాపం తప్పుతుంది."

"నీకు తొక్కడం వచ్చా?" అన్నాడు మాస్టారు.

"పెళ్లికి ముందు ఐదేళ్లు మా నాన్నకి కార్ఖానాకి క్యారేజీ సైకిలు మీదే మోశాను. మీరెప్పుడైనా అడిగారా?"

జడ్జిగారు పుస్తకంలో పాత వరుస కొట్టేసి కొత్తది రాశాడు. తొక్కేది అమ్మగారు, మోత మాస్టారు. మాస్టారి సైకిలు రెండు చక్రాలకీ బుడిపెల టైర్లు, దళసరి ట్యూబులు వేసి, వెనక కాస్త గట్టిగా గాలి కొట్టాడు. "ఒకసారి దిగి చూపించండమ్మా" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ కొంగు నడుముకి బిగించి, మాస్టారిని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని, కట్ట పైన ఒక్క క్షణమైనా ఆగకుండా దూకించింది.

"బ్రేకు, బ్రేకు" అన్నాడు మాస్టారు వెనకనుంచి.

"ఊరుకోండి. సరుకు మాట్లాడదు."

సైకిలు కింద నిలిచాక కూడా జడ్జిగారు కాసేపు చెవి ఒగ్గే ఉన్నాడు. "ముందు టైరు భేషుగ్గా ఉంది. వెనక టైరూ అంతే. మోతే వణుకుతోందమ్మా. తాడిస్తాను, కట్టేసుకోండి."

"ఎన్ని చుట్లు?" అంది ఆవిడ, వెనక్కి తిరిగి చూడకుండా.