పూడ్చిన బావి మీద సున్నం గుర్తు

నీహారిక ఆ చోటును ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. నాలుగెకరాల పత్తిచేనులో అక్కడ మాత్రం ఏమీ వెయ్యలేదు. చెట్టు నీడ పడదు, కరెంటు తీగలు అడ్డం రావు, పైనుంచి శుభ్రంగా కనబడుతుంది. భూముల రీసర్వేకి డ్రోన్ ఎగరకముందే సర్వేయరు నేల మీద ఇలాంటి గుర్తులు పెట్టి, ఒక్కోటీ సరిగ్గా ఎక్కడుందో పరికరంతో కొలిచి రాసుకోవాలి. తరవాత ఫొటోలన్నిటినీ ఆ గుర్తులకు కలిపితేనే పటం అటూ ఇటూ జరక్కుండా నిలుస్తుంది. తిరువూరు శివారులో ఆ ఫిబ్రవరి పొద్దున ఆమె పెట్టాల్సినవి తొమ్మిది. ఇది ఆరోది.

సున్నంతో అడ్డం ఒక గీత, నిలువు ఒక గీత గీసింది. రెండూ కలిసినచోట కొలత కర్ర నిలబెడితే మొన మట్టిలోకి దిగిపోయింది. తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ దిగింది.

"అక్కడ పెట్టమని నీకెవరు చెప్పారమ్మాయ్?"

వెనక్కి తిరిగింది. చేను గలావిడ హనుమాయమ్మ, పత్తికట్టె పీకడం ఆపి వచ్చి నిలబడి ఉంది. గంట కిందట తనే పిలిచి మజ్జిగ ఇచ్చిన మనిషి. ఇప్పుడు ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరూ చెప్పలేదండి. ఖాళీగా ఉంది కదాని..."

"ఖాళీ కాదమ్మా. అది బావి. మా పూజిత పడిపోయిన బావి."

నీహారిక చేతిలోని సున్నం డబ్బా కింద పెట్టేసింది.

హనుమాయమ్మ నిలబడే చెప్పింది. ఎనిమిదేళ్లయింది. ఒక్కతే కూతురు. పదో తరగతి పరీక్షలు అయిపోయిన నాలుగో రోజు సాయంత్రం చేనుకు వచ్చింది. బావి ఒడ్డున కాలు జారింది. జనం వచ్చి తీసేసరికే అంతా అయిపోయింది. దినాలు కాగానే తండ్రి అంకారావు ట్రాక్టర్లు పెట్టి బావి పూడ్పించాడు. మళ్లీ ఈ చేలో కాలు పెట్టలేదు. వినగడపలో కౌలుకు తీసుకున్న మాగాణి చూసుకుంటున్నాడు. ఈ చేను ఈవిడే చేయిస్తుంది.

"కొత్త పటంలో బావి వస్తుందా?" అని అడిగింది.

"రాదండి. పైనుంచి కనబడేదే వస్తుంది."

"పాత పటంలో ఉందమ్మా. సున్నా చుట్టి ఉంటది, నేను చూశా. రేషన్ కార్డులో దాని పేరు తీసేశారు. బడి పుస్తకాలూ అవీ ఎప్పుడో పోయినాయి. అది ఇక్కడ తిరిగిందని చెప్పేది ఇంకేముంది?"

నీహారిక పక్కకు వెళ్లి పై ఉద్యోగి సురేష్ బాబుకు ఫోన్ చేసింది.

"నేల మీద లేనిదాన్ని పటంలో ఎట్టా పెడతావమ్మా?" అన్నాడాయన విసుక్కోకుండానే. "ముందు గుర్తు గట్టినేలకి మార్చు. పూడ్చిన మట్టి కుంగుతుంది, ఎత్తులు తప్పొస్తాయి."

ఆయన అన్నది నిజమే. ఆ మాట ఈవిడకు చెప్పడమే కష్టమైంది. నీహారిక వంగి సున్నాన్ని చేతులతో చెరుపుతుంటే హనుమాయమ్మా వంగి చెరిపింది.

గుర్తు పది అడుగుల అవతల, గట్టు పక్కన పడింది. కొలత సరిగ్గా వచ్చింది. డ్రోన్ నడిపే షానవాజ్ అటు రోడ్డు మీంచి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎగరేస్తున్నా. చేలో ఎవరో కూర్చున్నారు, లేపమంటారా?"

హనుమాయమ్మ ఆ ఖాళీ చోట మట్టి మీద అరచెయ్యి ఆన్చి కూర్చుని ఉంది.

"వద్దు. కూర్చోనియ్యి" అంది నీహారిక.

వారం తరవాత ఆఫీసులో ఫొటోలు కలిపారు. దారిన నడిచేవాళ్లు, కదిలే గేదెలు ఒక ఫొటోలో ఉండి ఇంకో ఫొటోలో ఉండరు కాబట్టి కలిపినప్పుడు చెరిగిపోయారు. కదలని మనిషి మిగిలిపోయింది. ఆకుపచ్చ చీర, ఒంగిన వీపు. దాని మీంచి గీసిన అసలు పటంలో మాత్రం గట్లూ హద్దులూ తప్ప ఏమీ రాలేదు. ఆ చేను ఒక నంబరు, నాలుగు గీతలు.

ఆదివారం నీహారిక ఆ ఫొటో ప్రింటు తీయించి వాళ్లింటికి వెళ్లింది. హనుమాయమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నా తల ఇంత నెరిసిందా?" అంది.

అంకారావు మంచం మీంచి లేచి వచ్చి తొంగి చూశాడు. "ఎక్కడే ఇది?" అన్నాడు. అని, వెంటనే తెలిసిపోయి, గోడ పట్టుకున్నాడు. "అక్కడెందుకు కూర్చున్నావు?"

ఆమె కాగితం వైపే చూస్తూ అంది. "బావి మోటారు ఆపి రమ్మని ఆ రోజు దాన్ని పంపింది నేనే. దానంతటది వెళ్లలేదు. నీకు చెప్పలేదు."

అంకారావు గోడ వదిలి మంచం మీద కూర్చున్నాడు. "మోటారు ఆపకుండా ఇంటికొచ్చింది నేను కదే."

నీహారిక చప్పుడు కాకుండా లేచి, తలుపు దగ్గరగా వేసి, రోడ్డు మీదకు వచ్చింది. విస్సన్నపేట ఆటో దొరికేదాకా ఆ ఇంట్లోంచి ఏడుపు వినబడుతూనే ఉంది. ముందు ఆయనది, తరవాత ఇద్దరిదీ.