సాంచాల ఇంటి గొంతు

నవీన వాళ్ల ఇంట్లో నాలుగు సాంచాలు ఆడతాయి. ఆ మరమగ్గాల మోతలో పెరిగిన పిల్ల కాబట్టి, ఉప్పు అందుకోమన్నా ఊరంతా వినేలా అంటుంది. గొంతు చాలని చోట పెదవులు కదిపితే చాలు, అటు చివరనున్న వాళ్ల బాపు కైలాసం అర్థం చేసుకుంటాడు. లోకమంతా ఇలాగే మాట్లాడుకుంటుందనుకుని డిగ్రీ కాలేజీకి వెళ్లింది పాపం.

మొదటిరోజు పేరు అడిగితే చెప్పింది. పక్క గదిలో పాఠం ఆగిపోయింది. క్లాసంతా బెంచీలు చరిచి నవ్వింది. ఇంటికొచ్చి ఏడిస్తే, "గీ సాంచాల పాపం బిడ్డా, నీది కాదు" అని కైలాసం తల దించుకున్నాడు. ఆ తర్వాత నవీన క్లాసులో నోరు విప్పలేదు.

నోరు మూసుకుంది గాని వేళ్లు ఊరుకుంటాయా? అనసూర్య మేడం చర్చల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టగానే అందులో పులైపోయింది. ఆన్‌లైన్ చర్చ మేలా, క్లాసులో ముఖాముఖి మేలా అని మేడం అడిగితే, ఆన్‌లైనే మేలని వాయించింది. గొంతును బట్టి మనిషిని తూచేవాళ్లు అక్కడుండరని రాసింది. ముఖాముఖి పక్షం పట్టిన అరుణ్‌కుమార్‌కు ఊపిరాడలేదు.

అంతలో మేడం పిడుగులాంటి మాట చెప్పింది. చివరి వాదన క్లాసులోనే. గెలిచినవాళ్లు కరీంనగర్ పోటీకి వెళ్తారు. ఆ వేదిక ఎక్కాలని నవీనకు ప్రాణం కొట్టుకుంటోంది. మళ్లీ నవ్వుతారేమోనని అదే ప్రాణం వణుకుతోంది.

వాదన రోజు నవీన క్లాసు ముందు నిలబడి గొణిగింది.

"వినవడ్తలే!" అన్నాయి వెనక బెంచీలు.

అరుణ్‌కుమార్ మాత్రం గడగడా మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని, వెనక బెంచీలో కూర్చుని పక్కనున్న ఓంప్రకాశ్‌తో ఏదో గుసగుసలాడాడు. ఎవరికీ వినపడలేదు. కానీ నవీన చూపు అతని పెదవుల మీదే ఉంది.

"అరుణ్! ఏమన్నవ్ గిప్పుడు?"

కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

"'నవీన రాసిందే కరెక్టు, నేను ఉత్తగ మాట్లాడిన' అన్నవా, లేదా? గదే ముచ్చట గట్టిగ చెప్పు!"

అరుణ్‌కుమార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "గంత దూరం నీకెట్ల వినవడ్డది?"

"వినవడలే, చూసిన. సాంచాల ఇంట్ల పుట్టిన, మూతి కదిలితె చాలు. గ్రూపుల నీ మొహం కనవడదు గద, గందుకే ఇన్నొద్దులు దొరకలే!"

క్లాసు గొల్లున నవ్వింది. ఈసారి ఆ నవ్వు ఆమె మీద కాదు.

"మంచిగున్నది నవీనా," అంది మేడం నవ్వాపుకుంటూ. "మొహం చూస్తెనే నిజం తెలుస్తదని నువ్వే రుజువు చేస్తివి. మరి నీ ఆన్‌లైన్ సంగతేంది?"

నవీన నాలుక కరుచుకుంది. గెలిచింది తను, ఓడింది తన వాదన.

"కరీంనగర్‌కు నువ్వే పోవాలె. ముఖాముఖి దిక్కు మాట్లాడాలె. మైకు జర దూరం పెట్టిస్త తియ్యి."

సాయంత్రం సాంచాల మోతలో గడప దగ్గరే నిలబడి, వట్టి పెదవులతో బాపుకు అంతా చెప్పింది. కైలాసం కూడా పెదవులతోనే అడిగాడు, గట్టిగనే మాట్లాడినవా అని. ఆమె తల ఊపింది.

కైలాసం ఒక్కొక్కటిగా సాంచాలన్నీ బంద్ చేశాడు.

"ఏదీ, ఇంకోసారి చెప్పు బిడ్డా. చెవులతోని వింట."

నవీన చెప్పింది. వాడకట్టంతా విన్నది.