రాట్నానికి కట్టిన పురుగు

"దినానికి యాభై కండెలు చుడతావు, ఈ ఒక్క పోగు చుట్టేకి ఇన్ని దినాలా?" అంది మా అత్త భాగీరథమ్మ. ఆమె పోగు అన్నది నూలును కాదు. నా తోడికోడలు చౌడమ్మ చీలమండ దగ్గర బొబ్బ పగిలి బయటికి తల పెట్టిన పురుగును. నారికురుపు. ఆమెలాగే దిగుడుబావి నీళ్లు తాగే ఊళ్లో పుట్టినదాన్ని, నాకది కొత్త కాదు. అందుకే తీసే పని నేనే పెట్టుకున్నాను. పొద్దున్నే కాలు నీళ్లలో పెట్టాలి. పురుగు కొసను చీపురుపుల్లకు చుట్టి మెల్లగా తిప్పాలి. వేలెడంత వస్తే వచ్చినట్టు, రాకపోతే ఆపి గుడ్డ కట్టాలి. మా అమ్మ నాకు అలాగే తీసింది. తెగితే మనిషి దక్కదని తీసినన్నాళ్లూ చెబుతూనే ఉండింది.

కబ్బన్‌పేటలో మాది రెండు మగ్గాల ఇల్లు. ఒకదాని మీద నా మొగుడు వెంకటరాయప్ప, రెండోదాని మీద మరిది ఓబళప్ప. కండెలు చుట్టేదీ, నూలుకు గంజి పెట్టేదీ, కొళాయి దగ్గర వరసలో నిలబడి నీళ్లు తెచ్చేదీ, సంగటి గెలికేదీ మేమిద్దరం. మూడేళ్ల కిందట జనాభా లెక్కలాయన వచ్చి ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగాడు. "మేమిద్దరం నేస్తాము. ఆడోళ్లు పనేమీ లేకుండా సుమ్మనే ఇంట్లో ఉండారు" అన్నాడు నా మొగుడు. ఆ మాట విన్నప్పుడు నా చెయ్యి రాట్నం మీద తిరుగుతూనే ఉంది. ఆపి, అది కాదయ్యా అని ఒక్క మాట అనలేకపోయానే అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్నానా? లేదు. కండె నిండింది, ఇంకోటి పెట్టుకున్నాను.

యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనం. దొరికిన నూలు ఇంట్లో ఉండగా చౌడమ్మ కాలు చాపుకుని కూర్చోవడం ఎవరికీ గిట్టలేదు. ఆరో రోజు పొద్దున ఓబళప్ప రాట్నాన్ని ఆమె కాలి దగ్గరికి లాక్కొచ్చాడు. "నూలు తెగకుండా తిప్పే రాట్నం, దీన్ని తెంపుతాదా?" అన్నాడు నవ్వుతూ. పురుగు కొసను కదురుకు కట్టాడు. నేను అడ్డం పడ్డాను. "పెద్ద డాక్టరు మాట్లాడ్తాండాది. కాలు పట్టుకోవే, కదిలితే నొప్పెడ్తాది దానికి" అంది అత్త. పట్టుకున్నాను. ఇది దాచను. రెండు చేతులా నేనే పట్టుకున్నాను. చౌడమ్మకు పదిహేడేళ్లు. "అక్కా, వద్దు చెప్పక్కా" అంటూ నా ముఖంలోకే చూసింది. చక్రం రెండు చుట్లు తిరిగింది. పురుగు టప్పున తెగి, మిగిలింది లోపలికి పోయింది.

మూడో రోజుకు కాలు మోకాలి దాకా వాచి ఎర్రబడింది. చలి మొదలైంది. నాలుగు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. పెద్దాసుపత్రికి జట్కాలో తీసుకుపోతుంటే దారి పొడుగునా నా మొగుడు చెప్పిందే చెప్పాడు. "ముల్లు గుచ్చుకునిందని చెప్పు. దాని నాయన చెన్నరాయప్పకు తెలిస్తే పంచాయితీ పెడతాడు. తమ్ముడి మానం పోతాది. నోరు తెరిచినావంటే చూడు."

పైకి కనిపించే రంధ్రం చిన్నది. ముల్లు గుచ్చుకుందన్నాం, చలిజ్వరమన్నాం. డాక్టరమ్మ పుండు కడిగించి, క్వినైను ఇప్పించింది. రెండు రోజులు చూశాను. జ్వరం దిగలేదు. చౌడమ్మ కళ్లు పైకి పోతున్నాయి, నన్ను పట్టుకుని వాళ్లమ్మ అనుకుంటోంది. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఆలోచించాను. ఎవరి మానం? తమ్ముడి మానం కాపాడడానికి ఈ పిల్ల ప్రాణం ఇవ్వాలా? రాట్నం తిప్పింది అతను, పట్టించింది అత్త, పట్టుకుంది నేను. మళ్లీ ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే ఈసారి నన్నెవరు బలవంతం చేశారని చెప్పుకోను? చేతకానిదాన్నని ఎన్నాళ్లు నన్ను నేను వెనకేసుకొస్తాను?

మరునాడు డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాను. నా మొగుడు పక్కనే ఉన్నాడు.

"అది ముల్లు కాదమ్మా. నారికురుపు. రాట్నానికి కట్టి తిప్పితే తెగి లోపలుండాది. తిప్పింది నా మరిది. కాలు పట్టుకునింది నేను."

"ఏయ్, మునివెంకటమ్మా!" అని నా మొగుడు నా రెక్క పట్టుకున్నాడు. విదిలించుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఏ రోజు తెగిందో, ఎంత మిగిలిందో అన్నీ.

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "ఈ మాట మొదటి రోజే చెప్పకూడదా? లోపలి పురుగు చుట్టూ చీము పట్టి, ఆ విషక్రిములు నెత్తురులో కలిసినట్టున్నాయి" అంది. ఆ గంటలోనే కాలి మీద వాచిన చోట కోశారు. చీముతో పాటు తెగిన ముక్కలు వచ్చాయి. నాలుగు గంటలకోసారి తెల్ల మాత్రలు నూరి తాగించారు. దక్కుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను ఇంటికి పోలేదు. నాలుగో రోజు చౌడమ్మ కళ్లు తెరిచి, "అక్కా, ఆకలైతాంది" అంది. ఏడ్చేశాను, వార్డంతా చూస్తున్నా సరే.

ఆ సాయంత్రం నా మొగుడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. మగ్గాలు రెండూ ఆగిపోయాయట, అమ్మ కూడు వండలేక బేజారైపోయిందట. నేను గంజి గిన్నె తీసుకుని చౌడమ్మ వైపు తిరిగేసరికి అతనికి రోషం వచ్చింది.

"ఇంటి గుట్టు వీధిలో పెడితివి. ఇంక నా ఇంట్లో నీకు జాగా లేదు."

చౌడమ్మ నోటికి గంజి అందిస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాను.

"ఈమెకు కూడా లేదని చెప్పి పోవయ్యా. ఇద్దరం కలిసే వెతుక్కుంటాము."