ముసలమ్మపీట మీది శవం

సముద్రం ఒడ్డున బెస్తపల్లె ఎబోఆనో. ఆ ఊరి ఆడవాళ్ళు ముసలమ్మపీటకి జంటలుగా వెళతారు, జంటలుగానే తిరిగొస్తారు. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటు బాగా లాగినప్పుడు ఒడ్డు నుంచి ఆ రాతి దీవి దాకా మోకాటిలోతు బండల దారి ఒకటి తేలుతుంది. ఉండేది రెండు గంటలు, మహా అయితే రెండున్నర. ఆలోగా కత్తితో రాతి గుల్లలు గీరుకుని, బుట్ట నెత్తికెత్తుకుని, జంట పేరు కేకేసి, ఆమె పలికాకనే కాలు కదపాలి. జంట చెవిటిదైతే దగ్గరికెళ్ళి కేకెయ్యాలి. అంతేగానీ ఒంటరిగా రాకూడదు.

కవలలకి జంట వెతుక్కునే పని లేదు. అరవై మూడేళ్ళు పాన్యిన్ కేకేస్తే కాక్రా పలికింది. ముందు పుట్టింది కనక ఆమె పాన్యిన్, అంటే పెద్దది. పావుగంట వెనక పుట్టిన పాపానికి ఈమె కాక్రా, చిన్నది. ఆ పావుగంటని పాన్యిన్ జీవితమంతా వాడుకుంది. కూరలో చేప తల ఆమెదే. చేపలు కాల్చే పొగపొయ్యి దగ్గర నీడపట్టు ఆమెదే. ఆఖరి మాట ఎప్పుడూ ఆమెదే.

పోయినేడాది తల్లి చనిపోయినప్పుడు శవానికి నీళ్ళు పోయడానికి కాక్రా చెంబు పట్టుకుని వెళితే, పాన్యిన్ మోచేత్తో అడ్డుకుంది. "వెనక పుట్టినదానివి, వెనక నిలబడు" అంది, ఊరందరి ముందూ. కాక్రాకి ఒళ్ళు మండిపోయింది. ఆ చెంబు అక్కడే పారేసి, ఒడ్డుకి పోయి, తడి ఇసుక మీద చెయ్యేసి, "నువ్వు చచ్చిననాడు నా కంట చుక్క రాలితే నన్ను సముద్రం తీసుకుపోనీ!" అని ఒట్టేసింది. ఆ ఊళ్ళో సముద్రం మీద ఒట్టు ఎవరూ సరదాకి వెయ్యరు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. గుల్లలకి వెళ్ళినా ఈ కొసన ఒకతె, ఆ కొసన ఒకతె.

ఆ ఆగస్టు మంగళవారం కూడా అలాగే వెళ్ళారు. నీళ్ళు మళ్ళుతున్నాయని ఆడవాళ్ళంతా కేకలేసుకుని బయల్దేరారు. కాక్రా కూడా నోరు తెరిచింది. దీవి అవతలి కొసన అక్క పసుప్పచ్చ గుడ్డ ఒంగి కనబడుతూనే ఉంది. 'అంత పెద్దమనిషికి దారి తెలీదా ఏంటి' అనుకుని, తెరిచిన నోరు మూసుకుని వచ్చేసింది.

ఒడ్డున గుల్లలు కడుక్కుంటుంటే ఎవరో అరిచారు. కాక్రా తలెత్తి చూసింది. పీట కింది మెట్టు మీద పసుప్పచ్చ గుడ్డ కూలబడి ఉంది. ఒక కాలు మనిషికి ఉండాల్సిన తీరులో లేదు. చెయ్యి ఊపుతోంది. మధ్యనున్న బండల దారి అప్పటికే మునిగిపోయి, పైన నురగ గిరగిరా తిరుగుతోంది.

నాలుగింటికి నిండు పోటు. మామూలు రోజుల్లో ముసలమ్మపీట మునగదు గానీ, ఆగస్టు అలలు కొన కొమ్ము తప్ప మిగతాదంతా కడిగేస్తాయి. కాళ్ళున్నవాడు కొమ్మెక్కి కూర్చుంటాడు. పాన్యిన్ లేచి నిలబడలేకపోతోంది. ఈదుకెళ్ళి కాలు విరిగిన మనిషిని ఆ సుడిలోంచి మోసుకొచ్చే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఉన్న దారల్లా పడవే.

పడవలకేం, ఇరవై ఉన్నాయి, ఇసుక మీద వరసగా. మగాళ్ళు కొబ్బరిచెట్ల కింద వలలు బాగుచేసుకుంటున్నారు. మంగళవారం సముద్రానికి విశ్రాంతి, ఆ రోజు తెడ్డు తడపకూడదు. ఎనిమిదేళ్ళ కింద ఒకడు తడిపితే, ఆ ఏడు చేప ఒడ్డువైపు తిరిగి చూడలేదు. వాడు బెస్తపెద్ద ఎగ్యా అమిస్సాకి స్వయానా తమ్ముడు. ఆయనే వాడి తెడ్డుని మోకాలి మీద పెట్టి విరిచాడు. అన్నదమ్ములకి ఇప్పటికీ మాటల్లేవు.

కాక్రా వెళ్ళి ఆ ఎగ్యా కాళ్ళ దగ్గరే కూలబడింది.

"ఎగ్యా, ఒక్క పడవ. మా అక్క."

"ఇవాళ మంగళవారం కదమ్మా."

"నాకు వారాలు నేర్పుతున్నావా? నీ కంటే ముందునుంచీ చూస్తున్నా మంగళవారాలు! మనిషి పోతుందయ్యా అక్కడ!"

"పోతే పడవ దిగుతుంది" అన్నాడాయన, చేతిలోని వల మీంచి చూపు తిప్పకుండా.

కాక్రాకి తిట్టు నోటి దాకా వచ్చింది. ఆయన మళ్ళీ అన్నాడు, ఈసారి ఒక్కొక్క మాటా ఒత్తి:

"మంగళవారం సముద్రం శవానికి దారిస్తుంది. బతికున్నవాళ్ళకివ్వదు. ఆడకూతురి ఏడుపు లేచిందంటే పడవని ఆపడం నా వల్ల కాదు, మా తాత వల్లా కాదు. నాకా, కళ్ళు సరిగా ఆనవు. పీట మీదున్నది బతికుందో లేదో ఇక్కణ్ణించి నాకేం తెలుస్తుంది? అది రక్తసంబంధీకులు చెప్పాలి."

కాక్రాకి అర్థమైంది. అక్క పోయిందని తనే ఏడవాలి. బతికున్న మనిషిని చచ్చిందనడం ఏ నోటికైనా పాపమే. పైగా కవలలు. ఒకరి పేరు చావు చెవిన వేస్తే అది రెండోవాళ్ళని కూడా వెతుక్కుంటూ వస్తుందంటారు. ఆ పైన ఒట్టు. చుక్క రాలితే సముద్రం తీసుకుపోనీ అని తనే అంది, తడి ఇసుక మీద చెయ్యేసి మరీ. ఇప్పుడు ఆ సముద్రం ఒడ్డునే ఏడవాలి. ఆమెకి నిజంగా భయమేసింది.

పీట కింది మెట్టు మీదికి ఒక అల ఎక్కి దిగింది. పసుప్పచ్చ గుడ్డ తడిసి ముదురు రంగుకి తిరిగింది.

"తీసుకుపోతే పోనీ" అనుకుని కాక్రా తలగుడ్డ ఊడదీసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఏడుపెత్తుకుంది.

"అయ్యో అక్కా! నాకు ముందు పుట్టినదానా! అమ్మ కడుపులోనే నన్ను కాలితో తన్నినదానా!"

మొదటి చరణం అబద్ధపు ఏడుపే. గొంతులోంచి వచ్చింది, అంతే. ఆ చరణం ఇంకా పూర్తి కాకముందే ఎసుమాన్ అనే కుర్రాడి పడవ ఇసుక మీంచి నీళ్ళవైపు కదిలిపోయింది. వలలు బాగుచేసుకుంటున్నట్టు కూర్చున్న ఎనిమిదిమంది చేతుల్లోకీ తెడ్లు ఎప్పుడొచ్చాయో ఎవరూ చూడలేదు.

"ఎక్కు పిన్నీ" అన్నాడు ఎసుమాన్. "ఏడుపు లేకపోతే ఇది శవం పడవ కాదు. మధ్యలో ఆపావంటే మా తెడ్లు పోతాయి."

ఆ ఊరి ఆడవాళ్ళు పడవెక్కరు. కాక్రా ఎక్కింది. మొదటి అల పడవని నిలువుగా లేపితే, రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇంకా గట్టిగా ఏడ్చింది. "చేప తలలన్నీ నువ్వే తిన్నావే అక్కా! నాకు ముల్లు గుచ్చుకుంటే వేలు పెట్టి తీసిందీ నువ్వేనే అక్కా!"

పీట దగ్గరపడింది. మెట్టు మీంచి బొంగురు గొంతు వినిపించింది.

"ఎవరే పోయింది?"

ఏడుపు ఆపకూడదు. కాక్రా అదే రాగంలో జవాబు చెప్పింది. "నువ్వేనే అక్కా, నువ్వే పోయావు! నోరు మూసుకుని పడుకోవే అక్కా!"

"నేనా? నాకు కాలు విరిగిందే, దొంగముండా..."

"శవాలు తిట్టవే అక్కా! తెడ్లు పోతాయే అక్కా!"

తెడ్లవాళ్ళు పెదవులు కొరుక్కుంటూ తలలు తిప్పుకున్నారు. పాన్యిన్ చెల్లెలి ఊడిన తలగుడ్డ చూసింది, మంగళవారం నీళ్ళ మీదున్న పడవని చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎదురుచెప్పకుండా నోరు మూసుకుంది. ఇద్దరు దిగి ఆమెని ఎత్తి పడవ అడుగున పడుకోబెట్టి, మొహం మీదుగా గుడ్డ కప్పారు.

తిరుగుదారిలో కాక్రాకి పొగడ్తలు అయిపోయాయి. ఎత్తిపొడుపులకి దిగింది. అడిగి తీసుకుని తిరిగివ్వని నీలంగుడ్డ సంగతి ఏడ్చింది. పొగపొయ్యి నీడపట్టు సంగతి ఏడ్చింది. ఆఖరికి, "అమ్మకి నన్ను నీళ్ళు పొయ్యనివ్వలేదే! నేను కూడా ఆ కడుపున పుట్టినదాన్నేనే!" అంది. అక్కడ రాగం తెగిపోయింది. మిగిలింది ఉత్త ఏడుపు, ముక్కు కారుతూ, వెక్కుతూ, సంవత్సరం పాటు దాచిపెట్టుకున్నదంతా.

గుడ్డ కింద నుంచి ఒక తడిచెయ్యి వచ్చి ఆమె మడమ పట్టుకుంది. పడవ ఇసుకని తాకేదాకా వదల్లేదు.

ఒడ్డున ఎగ్యా అమిస్సా ఒక చేత్తో నీళ్ళ చిప్ప, ఒక చేత్తో సారాబుడ్డి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"శవం ఏదీ?"

పాన్యిన్ గుడ్డ తీసేసింది. "ఆకలేస్తోంది" అంది.

ఊరంతా గొల్లుమంది. ఎగ్యా నవ్వలేదు. "చచ్చినవాళ్ళు లేస్తే కొత్తగా పుట్టినట్టే లెక్క. పసిబిడ్డకి చేసినట్టు చెయ్యాలి" అని, వేలు నీళ్ళలో ముంచి ఆమె నాలుక మీద పెట్టాడు. "నీళ్ళయితే నీళ్ళని చెప్పు." తర్వాత సారాలో ముంచి పెట్టాడు. "సారా అయితే సారా అని చెప్పు." బిడ్డ జన్మంతా నిజం చెప్పాలని నేర్పే మాటలవి. అంత అబద్ధం ఆడిన ఊరు కాస్త సిగ్గుపడి నేలచూపులు చూసింది. ఎగ్యా కూడా కొంచెం దగ్గాడు.

"ఏ వారం పుట్టిందిది?"

"మంగళవారం!" అన్నారంతా.

"అయితే అరబా. మంగళవారపు పిల్ల. ఇవాళే పుట్టింది కనక కాక్రా కంటే చిన్నది."

"ఏంటీ?" అని లేవబోయి పాన్యిన్ కాలు నొప్పికి మళ్ళీ పడుకుంది.

సాయంత్రం ఎముకల వైద్యుడు కాలికి బద్దలు కట్టి వెళ్ళాక, కాక్రా తన ఇంటి పొయ్యి దగ్గర పులిసిన మొక్కజొన్న పిండి ఉడికించిన డొకొనో ముద్ద ఆకు విప్పి, చేపల పులుసు పోసి, ఇద్దరి మధ్యా గిన్నె పెట్టింది. పాన్యిన్ చెయ్యి అలవాటుగా చేప తల మీదికి వెళ్ళి, గుర్తొచ్చి ఆగిపోయింది. తలని గిన్నెలో ఇవతలికి తోసింది. కాక్రా తీసుకుని కొరికింది. అరవై మూడేళ్ళు కన్నేసిన తలలో తీరా చూస్తే ముళ్ళే ఎక్కువ.

"ఏడవనని ఒట్టేశావుగా" అంది పాన్యిన్.

"వేశాను."

"సముద్రం తీసుకుపోతుందన్నావు."

"తీసుకుపోయిందిగా, నీ దాకా." కాక్రా ముల్లొకటి ఉమ్మేసింది. "చూడూ, నీ చావు ఏడుపు నేను ఏడ్చేశాను. చేప తల దగ్గర్నించి నీలంగుడ్డ దాకా అంతా ఏడ్చాను. మళ్ళీ ఏడవడానికి నా దగ్గర ఏం మిగల్లేదు. అంచేత నాకంటే ముందు పోయేవంటే బాగుండదు, చెబుతున్నా."

ఆఖరి మాట ఎప్పుడూ పాన్యిన్‌దే. అందుకని కాక్రా ముద్ద చేతిలో పట్టుకుని ఎదురుచూసింది.

పాన్యిన్ చాలాసేపు నమిలింది.

"సరే అక్కా" అంది.